నింద వేడి మీద, నేరం పాచిది

పళ్ళకు క్లిప్పులు వేయించిన కొన్నాళ్ళకు పిల్ల చిగుళ్ళు ఉబ్బుతాయి. ఎర్రబడతాయి. బ్రష్ తగిలితే చాలు, నెత్తురు. ఇంట్లో తీర్పు వెంటనే వచ్చేస్తుంది: "వేడి చేసిందే తల్లీ." సబ్జా గింజలు నానబెడతారు, ఆవకాయ జాడీ పక్కకు పోతుంది, కోడిగుడ్డు బంద్. సబ్జా నీళ్ళ వల్ల వచ్చే నష్టమేమీ లేదు. నష్టమంతా ఆ తర్వాతి మాటలో ఉంది: "నెత్తురొస్తుంటే రుద్దుతావేంటే, నాలుగు రోజులు బ్రష్ ముట్టుకోకు." ప్రేమతో చెప్పే ఈ సలహాయే చిగుళ్ళకు అన్నిటికన్నా ఎక్కువ చేటు చేస్తోంది.

వేడే కారణమనుకుందాం. అలాగైతే నోరంతా ఒకేలా ఉబ్బాలి. అద్దం ముందు పెదవి ఎత్తి చూస్తే అలా ఉండదు. పంటి మీది బ్రాకెట్ చిగురుకు మరీ దగ్గరైన చోట, పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట, బ్రష్ అందని వెనక దవడల దగ్గర వాపు ఎక్కువ. బ్రష్ బాగా తిరిగే చోట చిగురు గట్టిగా పంటిని అంటిపెట్టుకునే ఉంటుంది. రోహిణీ కార్తె ఎండలో వచ్చే వాపు సంక్రాంతి చలిలోనూ వస్తుంది. తగ్గితే సబ్జా గొప్పతనం, తగ్గకపోతే "ఇంకా వేడి దిగలేదు". తప్పని తేలే అవకాశమే లేని ఇలాంటి మాటను కారణమని ఒప్పుకోనక్కర్లేదు.

అసలు కారణాన్ని తేల్చిన ప్రయోగం 1965లో అచ్చయింది. డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో దంతవైద్య పరిశోధకుడు హెరాల్డ్ లో (Löe), ఆయన సహచరులు ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరికీ చిగుళ్ళ వాపు వచ్చింది. తిరిగి తోముకోవడం మొదలుపెట్టాక సుమారు వారంలో తగ్గిపోయింది. పాచి పేరుకుంటే వాపు, పాచి పోతే ఉపశమనం. అవే నోళ్ళలో, కొద్ది వారాల తేడాతో రెండూ కనిపించాయి. నెత్తురొస్తోందని బ్రష్ ఆపించే ఇంట్లో జరుగుతున్నది ఆ ప్రయోగపు మొదటి సగమే. రెండో సగం దాకా పిల్లను వెళ్ళనివ్వడం లేదు.

పాచి అంటే పంటిని అంటుకుని బతికే సూక్ష్మజీవుల పొర. 1683లోనే డచ్ దేశస్థుడు లీవెన్‌హుక్ తన పళ్ళ మధ్య నుంచి గీకిన తెల్లటి ముద్దలో కదిలే జీవులను చూసి, ఆ సంగతి లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. క్లిప్పులు ఆ పొరకు కొత్త నివాసాలు ఇస్తాయి. బ్రాకెట్, తీగ, చిన్న రబ్బరు రింగు, అంచున మిగిలిన జిగురు, వీటిలో ప్రతి మూలా పాచి నిలిచే చోటే. కొందరు దంతవైద్యులు రంగు మాత్ర నమిలించి చూపిస్తారు. పుక్కిలించి ఉమ్మాక శుభ్రమైన పన్ను తెల్లగానే ఉంటుంది, పాచి ఉన్నచోట రంగు నిలుస్తుంది. బ్రాకెట్‌కూ చిగురుకూ మధ్య ఉన్న ఆ సన్నటి జాగాలో గులాబీ గీత చిక్కగా కనిపిస్తుంది, సరిగ్గా దాని పైనే చిగురు ఉబ్బి ఉంటుంది. "తోముకునే వచ్చాను డాక్టర్ గారూ" అన్న పిల్ల దాన్ని తన కళ్ళతో తనే చూస్తుంది. ఎంతసేపు చెప్పినా రాని నమ్మకం ఆ ఒక్క గీతతో వస్తుంది.

వేడిలాంటిదే ఇంకో నమ్మకం, పళ్ళను పురుగు తొలుస్తుందన్నది. ఆ పంటి పురుగు కథ చాలా పాతది, బాబిలోనియా మట్టి పలకల మీదే ఉంది. గింజల పొగ పట్టించి, నోట్లోంచి పురుగులు రాలాయని చూపించేవాళ్ళు చాలా దేశాల్లో ఉండేవారు. ఐరోపాలో వాడిన హెన్‌బేన్ గింజ వేడికి పగిలితే లోపలి మొలక వంకర తిరిగి పురుగులాగే కనిపిస్తుంది. ఫ్రెంచి దంతవైద్యుడు పియర్ ఫోషార్ 1728లో అచ్చువేసిన తన గ్రంథంలో, సూక్ష్మదర్శినితో వెతికినా తనకు ఆ పురుగులు కనిపించలేదని రాశాడు. వంకర పళ్ళను లోహపు పట్టీకి దారంతో కట్టి సరిచేసే పద్ధతిని వివరించినదీ ఆ గ్రంథమే. క్లిప్పుల వైద్యం తొలి అడుగులు వేసిన మనిషే పురుగు నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడన్నమాట.

వంటింటి వైద్యాల్లో అన్నీ ఒకటి కావు. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది, కానీ అవి పాచిని ఊడదీయలేవు. లవంగ నూనెలోని యూజెనాల్ నొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది. పలచన చేయకుండా నేరుగా రాస్తే చిగురు కాలుతుంది. బొగ్గుపొడి, కచ్చిక వాపు మీద రుద్దితే పుండు పడుతుంది. అన్నిటికన్నా ప్రమాదం పొగాకు. పొగ తాగేవారి చిగుళ్ళలో నెత్తురు తక్కువగా కనిపిస్తుంది గాని లోపల జబ్బు ముదురుతూనే ఉంటుంది.

పేరుకున్న పాచి గట్టిపడి గార అయితే బ్రష్‌కు లొంగదు, దంతవైద్యుడు తీయాల్సిందే. అక్కడ మరో భయం అడ్డుపడుతుంది: "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయి." గార పంటిని పట్టి ఉంచదు. చిగురునూ కింది ఎముకనూ తినేసే జబ్బుకు అదే ఆసరా. గార తీశాక పన్ను వదులుగా తోస్తే, ఆ వదులు అంతకుముందే వచ్చి గార చాటున దాగిందన్నమాట. ఈ భయానికి తోడు, అమావాస్య వెళ్ళాక చూద్దామనీ మంగళవారం వద్దనీ పంచాంగం చూసి వాయిదా వేసేవాళ్ళున్నారు. పాచి ఏ తిథికీ ఆగదు.

అలాగని తిండికీ చిగుళ్ళకూ సంబంధమే లేదనడం కూడా నిజం కాదు. 1747లో ఓడ వైద్యుడు జేమ్స్ లిండ్, విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బుతో చిగుళ్ళు కుళ్ళిన 12 మంది నావికుల్ని జంటలుగా విడదీసి రకరకాల మందులిచ్చి చూశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న జంట అందరికన్నా ముందు కోలుకుంది. జామ, ఉసిరి పిల్లలకు మంచివే. ఎదిగే వయసు హార్మోన్లు కూడా కొద్దిపాటి పాచికే చిగుళ్ళను ఎక్కువగా ఉబ్బిస్తాయి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ మాత్రతో చిగుళ్ళు పెరగవచ్చు. తీగలోని నికెల్ పడకపోవడం అరుదే అయినా ఉంది. వీటిలో ప్రతిదాన్నీ పరీక్షించి ఒప్పుకోవచ్చు, లేదా తోసిపుచ్చవచ్చు.

తీగ బిగించాక రెండు మూడు రోజులు పళ్ళు సలపడం వేరు, దానంతట అదే పోతుంది. చిగుళ్ళు ఉబ్బితే మాత్రం మెత్తని బ్రష్‌ను చిగురు వైపు ఏటవాలుగా పట్టి, బ్రాకెట్‌కు పైనా కిందా నెమ్మదిగా తోమాలి. తీగ కింద దూర్చే చిన్న బ్రష్ మందుల షాపుల్లో దొరుకుతుంది. మొదట్లో కాస్త నెత్తురొచ్చినా ఆపకూడదు. రెండు వారాలు శ్రద్ధగా తోమాక కూడా తగ్గకపోతే, లేదా చిగురు బ్రాకెట్ మీదకు పాకితే డాక్టరుకు చూపించాలి. చీము, జ్వరం, బుగ్గ వాపు ఉంటే అదే రోజు వెళ్ళాలి.