షుగర్ తగ్గిందని మిఠాయి పంచేముందు

ఇరవై ఏళ్లుగా షుగర్‌తో కాపురం చేస్తున్న పెద్దాయనకు ఉన్నట్టుండి అది అదుపులోకి వచ్చేస్తుంది. పరగడుపున చూస్తే 90. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2. కాకరకాయ రసం పుణ్యమని ఇంట్లోవాళ్లు, మెంతిపొడి మహిమని పక్కింటివాళ్లు. ఆ సంబరంలో ఆయన కాళ్ల వాపు ఎవరి కంటా పడదు.

ఇలాంటి ఇళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. షుగర్ ఇలా తగ్గిపోవడాన్నే వైద్యులు ‘బర్న్ట్ అవుట్ డయాబెటిస్’ అంటారు. పేరు వింటే జబ్బు కాలి బూడిదైపోయిందనిపిస్తుంది గానీ, చాలాసార్లు అక్కడ చేతులెత్తేస్తున్నవి కిడ్నీలు. క్లోమం నుంచి వచ్చిన ఇన్సులిన్‌లో సగం దాకా కాలేయమే ఖర్చు చేసేస్తుంది. మిగిలినదాన్ని విరగ్గొట్టే పనిలో పెద్ద వాటా కిడ్నీలది. సూదిమందుగా తీసుకున్న ఇన్సులిన్ కాలేయాన్ని ముందుగా తాకకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది కాబట్టి, దాని భారం మరింతగా కిడ్నీల మీదే పడుతుంది. అవి నీరసిస్తే నిన్నటి డోసే ఇవాళ ఎక్కువవుతుంది. ఆకలి మందగించి తిండి తగ్గడం, గ్లూకోజ్‌ను తయారుచేసే పనిలో కిడ్నీలు వెనకబడటం దానికి తోడు.

విచిత్రమేమిటంటే, ఇదే ఒంట్లో దీనికి పూర్తిగా ఎదురు కథ కూడా నడుస్తుంటుంది. ఇన్సులిన్ రక్తంలో ఎక్కువసేపు తిరుగుతుంది, కానీ కండరం దాని మాట వినదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఇదే ఇన్సులిన్ రెసిస్టెన్స్. అమెరికా శాస్త్రవేత్త రాల్ఫ్ డిఫ్రాంజో బృందం 1979లో దీన్ని కొలిచే పద్ధతిని వివరించింది. ఒక చేతికి ఇన్సులిన్ ఎక్కిస్తూ, రక్తంలో షుగర్ పడిపోకుండా గ్లూకోజ్ కూడా ఇస్తూ పోతారు. ఎంత గ్లూకోజ్ పడుతుందో చూస్తే ఒళ్లు ఇన్సులిన్‌కు ఎంత లొంగుతోందో తెలుస్తుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారిని అలా పరీక్షించినప్పుడు ప్రధాన లోపం కండరాల్లో కనిపించింది. రక్తంలో పేరుకున్న వ్యర్థాలు, ఆమ్లాలు, లోలోపలి వాపు, కదలకుండా కూర్చోవడం అన్నీ ఇందులో పాలుపంచుకునేవే. షుగర్ జబ్బు లేని కిడ్నీ రోగులకూ ఇది తప్పదు.

ఇక ఆ 6.2 సంగతి. హెచ్‌బీఏ1సీ ఎర్ర రక్తకణం ఆయుష్షు మీద ఆధారపడిన లెక్క. కిడ్నీ జబ్బు ముదిరితే ఆ కణాలు త్వరగా చస్తాయి. రక్తం పట్టడానికి ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు ఇస్తే కొత్త కణాలు ఎక్కువవుతాయి. కొత్త కణానికి చక్కెర అంటుకునే వ్యవధి ఎక్కడిది? అంకె అందంగా తగ్గుతుంది. అంటే కాగితం మీది 6.2 నిజంగా ఏడో ఎనిమిదో కావచ్చు. అలాంటివారికి వేలు గుచ్చి రోజులో నాలుగు వేళల్లో చూసుకున్న లెక్కే ఎక్కువ నమ్మదగ్గది.

మన వైద్యంలో అసలు లోటు ఇక్కడే ఉంది. మనకు షుగర్ ఒక డాక్టరుది, కిడ్నీ ఇంకో డాక్టరుది. ముప్పై దాటినవారికి బీపీ, షుగర్ చూసే ప్రభుత్వ కార్యక్రమం ఊరూరా నడుస్తోంది, మంచిదే. షుగర్ తేలినవారికి ఏడాదికోసారి మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూడటం కూడా అంతే ఖాయంగా జరగాలి. క్రియాటినిన్ ఒక్కటే చాలదు. కిడ్నీల పని సగం పోయేదాకా అది మామూలుగానే కనిపించవచ్చు, బక్కపలచని ముసలివాళ్లలో మరీను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కిడ్నీ జబ్బుకు కారణం నేటికీ తేలలేదు. అక్కడి రోగుల కోసం పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. షుగర్ వల్ల పాడయ్యే కిడ్నీల విషయంలో కారణం వెతుక్కోనక్కర్లేదు. అయినా చాలామందికి ఆ సంగతి డయాలసిస్ మంచం దగ్గరే తెలుస్తోంది.

ముందే తెలిస్తే చేయగలిగినవి లేకపోలేదు. డాపాగ్లిఫ్లోజిన్ షుగర్ మందుగా పుట్టింది. 2020లో వెలువడిన డాపా-సీకేడీ అధ్యయనంలోని 4,304 మంది కిడ్నీ రోగుల్లో దాదాపు మూడోవంతు మందికి అసలు షుగరే లేదు. కిడ్నీ మరింత దెబ్బతినడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడం, ఈ ముప్పంతా కలిపి 39 శాతం తగ్గింది. ఇప్పుడిది మన దగ్గర జనరిక్‌గా చవగ్గా దొరుకుతోంది. ఎవరికి పనికొస్తుందో డాక్టరే తేల్చాలి.

అన్నిటికన్నా భయపెట్టేది పాత మందుల చీటీ. ఎప్పుడో రాసిన గ్లిబెన్‌క్లమైడ్ ఇప్పటికీ మందుల షాపుల్లో అడగ్గానే చేతికొస్తుంది. కిడ్నీ నీరసించినవాడి ఒంట్లో అది, దాని అవశేషాలు గంటల తరబడి నిలిచి తెల్లవారుజామున షుగర్‌ను అధఃపాతాళానికి తోసేస్తాయి. చెమటలు, తడబడే మాట. ఇంట్లోవాళ్లు పక్షవాతమనుకుని పరుగెడతారు. కిడ్నీ వడపోత సామర్థ్యం (ఈజీఎఫ్ఆర్) 30 కిందికి దిగితే మెట్‌ఫార్మిన్ కూడా ఆపాలి. ఆ సంగతి రెండేళ్ల కిందటి చీటీ మీద ఉండదు. పాత చీటీకి కొత్త మాత్రలిచ్చే షాపువాడు ఆ మధ్య క్రియాటినిన్ ఎంతుందో అడగడు, అడగమని అతనికి ఎవరూ చెప్పలేదు.