ఇంగ్లిష్ క్లాసు బంక్ కొట్టే ముందు...

బీటెక్ మొదటి ఏడాదిలో ఇంగ్లిష్ పీరియడ్ అంటే చాలామందికి క్యాంటీన్ పీరియడే. వేరే సబ్జెక్టు సిలబస్ మిగిలిపోతే ముందు కోత పడేదీ దానికే. ‘టెన్త్‌లో చదివిన టెన్సులే మళ్లీనా? గ్రీకు దేవుళ్ల కథలు, రెండొందల ఏళ్ల నాటి నవలలు చదివితే ప్యాకేజీ పెరుగుతుందా?’ అని అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ప్లేస్‌మెంట్లు దగ్గరపడ్డాక ఈ మూడింటినీ మళ్లీ తిరగేయడం టైమ్ వేస్ట్ కాదని నేను గట్టిగా చెబుతాను.

ముందు గ్రామర్ సంగతి. ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టు గురించి చెప్పండి’ అంటారు. తెలుగులో అయితే ‘డేటా తీసుకున్నాం, మాడ్యూల్ రాశాం, టెస్ట్ చేశాం’ అంటాం. ఎవరు చేశారో క్రియలోనే తెలిసిపోతుంది కాబట్టి కర్తను వదిలేసినా వాక్యం నిలబడుతుంది. ఇంగ్లిష్‌లో నిలబడదు. దాంతో చాలామంది ‘డేటా వాజ్ కలెక్టెడ్, మాడ్యూల్ వాజ్ డెవలప్డ్’ అంటూ ప్యాసివ్ వాయిస్‌లోకి జారిపోతారు. ల్యాబ్ రికార్డులో అది బాగానే ఉంటుంది. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో మీరేం చేశారో తెలుసుకోవాలని కూర్చున్న మనిషికి మాత్రం అందులో మీరు కనిపించరు. ‘ఐ రోట్ ద లాగిన్ మాడ్యూల్. మై టీమ్‌మేట్ టెస్టెడ్ ఇట్’ అనండి. చిన్న వాక్యాలే, కానీ ఎవరి పని ఏదో తేలిపోయింది.

టెన్సులదీ ఇదే కథ. ‘పూర్తి చేశాను’ అనే ఒక్క మాటతో తెలుగులో పని జరిగిపోతుంది. ఇంగ్లిష్‌లో ఏడాది చెప్పారంటే ‘ఐ కంప్లీటెడ్ మై ఇంటర్న్‌షిప్ ఇన్ 2024’ అనాలి. అక్కడ ‘హ్యావ్ కంప్లీటెడ్’ పెట్టకూడదు. ‘రెండేళ్లుగా పైథాన్ చేస్తున్నాను’ అన్నదాన్ని మాటకు మాట మార్చి ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టూ ఇయర్స్’ అనేస్తాం. ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఆన్ పైథాన్ ఫర్ టూ ఇయర్స్’ అన్నది సరైనది. రివిజన్ అంటే పన్నెండు టెన్సుల పట్టికను మళ్లీ బట్టీ పట్టడం కాదు. తెలుగు ఒక దారిలో, ఇంగ్లిష్ ఇంకో దారిలో వెళ్లే ఇలాంటి మలుపులు ఓ పదిహేను ఇరవై ఉంటాయి, వాటిని పట్టుకుంటే చాలు. ‘ముప్పై రోజుల్లో ఇంగ్లిష్’ పుస్తకాల్లో ఇవి దొరకడం కష్టం.

ఇక గ్రీకు కథలు. వైరస్‌కూ ట్రోజన్‌కూ తేడా ఏంటన్నది సెక్యూరిటీ ఉద్యోగాల్లో మామూలుగా అడిగే ప్రశ్న. కథ తెలిసినవాళ్లకు జవాబు అందులోనే ఉంది. చెక్క గుర్రం తనంతట తాను ట్రాయ్ నగరంలోకి రాలేదు. కానుక అనుకుని ఊరివాళ్లే లాక్కొచ్చుకున్నారు. రోమన్ కవి వర్జిల్ రాసిన ‘ఇనీడ్’లో అయితే దాన్ని లోపలికి తేవడానికి తమ కోటగోడను తామే పడగొట్టుకుంటారు. యాంటీవైరస్ ఆపేసి మరీ క్రాక్డ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకునే హాస్టల్ కుర్రాళ్లు గుర్తొస్తున్నారా? ట్రోజన్ తనను తాను కాపీ చేసుకోదు. మనమే తలుపు తీస్తాం. అన్నట్టు, ఈ గుర్రం కథ ‘ఇలియడ్’లో ఉందనుకుంటారు చాలామంది. ఆ కావ్యం హెక్టర్ అంత్యక్రియలతోనే ముగిసిపోతుంది.

కుబర్నెటీస్ అంటే గ్రీకులో ఓడ చుక్కాని పట్టేవాడు. కంటైనర్లను నడిపించే సాఫ్ట్‌వేర్‌కు అంతకన్నా తగిన పేరు దొరకదు. కెర్బరోస్ పాతాళ ద్వారం కాచే మూడు తలల కుక్క. 1980లలో ఎంఐటీలో ఆ పేరుతో పుట్టిన ప్రోటోకాల్‌లోనూ పాత్రలు మూడు: క్లయింట్, సర్వర్, ఆ రెండూ నమ్మే మూడో పక్షం. అలాగని ప్రతి పేరుకూ గ్రీకు మూలం అంటగట్టకండి. పైథాన్ భాషకు ఆ పేరు వచ్చింది డెల్ఫీలోని పాము నుంచి కాదు, ‘మాంటీ పైథాన్’ అనే బ్రిటిష్ కామెడీ షో నుంచి.

క్లాసిక్స్ అన్నీ చదవమని చెప్పను. అందులో కొన్ని నాకూ నిద్ర తెప్పిస్తాయి. ఒక్కటి మాత్రం చదవండి: 1818లో వచ్చిన మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’. రాయడం మొదలుపెట్టేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు, అంటే మీకన్నా చిన్నదే కావచ్చు. నవలకు ‘మోడర్న్ ప్రొమీథియస్’ అని రెండో పేరు కూడా పెట్టింది. దేవతల దగ్గర నిప్పు దొంగిలించి మనుషులకిచ్చినవాడే ప్రొమీథియస్. ఫ్రాంకెన్‌స్టైన్ అంటే భూతం పేరనుకుంటారు గానీ అది దాన్ని తయారుచేసిన కుర్రాడి పేరు. భూతానికి అసలు పేరే లేదు. తను చేసిన ప్రాణి కళ్లు తెరవగానే ఆ కుర్రాడు భయపడి గదిలోంచి పారిపోతాడు. తర్వాత జరిగే ఘోరాలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. గ్రూప్ డిస్కషన్‌లో ఏఐ టాపిక్ వస్తే అందరూ ‘ఉద్యోగాలు పోతాయి, పోవు’ అని రెండు జట్లుగా అరుచుకుంటారు. తయారుచేసి వదిలేసినవాడి బాధ్యత ఎంతవరకు అన్న ప్రశ్న మీరు లేవనెత్తండి, చర్చ వేరే దారి పడుతుంది.

ఈ నవల ‘ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్’ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. భూతం కళ్లు తెరిచే అధ్యాయం ఒక్కటి ఈ వారం చదవండి. పుస్తకం మూసేసి, అందులో జరిగిందంతా ఇంగ్లిష్‌లో పది వాక్యాల్లో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. విన్నప్పుడు రెండే చూడండి: ప్రతి వాక్యంలో పని చేసిందెవరో తెలుస్తోందా, జరిగిపోయిన కథ మధ్యలో వర్తమానంలోకి దూకిందా. మర్నాడు అదే పద్ధతిలో మీ ప్రాజెక్టు గురించి చెప్పి రికార్డు చేయండి.