కుకావా మళ్ళీ నిలబడుతుందా?

నైజీరియా పేరు వార్తల్లో కనిపిస్తే అది చమురు గురించో, కిడ్నాపుల గురించో అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ దేశ రాజ్యాంగంలో 774 స్థానిక ప్రభుత్వాల పేర్లు వరుసగా రాసి ఉన్నాయి. సంతలు, కబేళాలు, ఖబ్రస్తాన్లు, జనన మరణాల నమోదు వాటి బాధ్యత. ప్రాథమిక విద్య, వైద్యం, వ్యవసాయంలో వాటికి పాలుంది. తుపాకుల మోతలో ఈ చిన్న ప్రభుత్వాల గొడవ ఎవరికీ పట్టదు. ఈ వారం వాటిలో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. దాని పేరు కుకావా.

నైజీరియా ఈశాన్య కొసన, బోర్నో రాష్ట్రంలో, చాద్ సరస్సు పడమటి ఒడ్డున ఉందీ ప్రాంతం. విస్తీర్ణంలో మన మండలాల కన్నా ఎన్నో రెట్లు పెద్దది. 2006 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ దాదాపు రెండు లక్షల మంది ఉండేవారు. ఎక్కువ మంది కనూరీలు. షువా అరబ్బులు, హౌసాలు కూడా ఉన్నారు. అత్యధికులు ముస్లింలే. చేపల వేట, పశువులు, వరద తీసిన నేలలో సేద్యం వారి జీవనాధారాలు. కుకావా పేరుకు కేంద్రమైతే, సరస్సు దగ్గరున్న బగా వ్యాపారానికి కేంద్రం. అక్కడ పొగబెట్టి ఎండబెట్టిన చేపలు లారీలకెక్కి, దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని మైదుగురి మీదుగా దక్షిణ నైజీరియా దాకా వెళ్ళేవి.

కలంతో జవాబిచ్చిన ఆలిం

కుకావా నిన్న మొన్నటి ఊరు కాదు. కానెమ్ పాలకులు 11వ శతాబ్దంలోనే ఇస్లాం స్వీకరించారు. 13వ శతాబ్దంలో కైరోలో చదువుకొనే తమ విద్యార్థుల కోసం అక్కడ ఒక మద్రసా నెలకొల్పారు. ఆ రాజ్యమే తరువాత బోర్నో అయింది. 1808లో ఫులానీ సైన్యాలు బోర్నో రాజధానిని పట్టుకున్నప్పుడు, రాజ్యాన్ని నిలబెట్టేందుకు ముందుకొచ్చినవాడు ముహమ్మద్ అల్ అమీన్ అల్ కానెమీ. ఆయన సేనాని కాకముందు ఆలిం. 1814లో కుకావాను స్థాపించినదీ ఆయనే. సహారా ఎడారి దాటి ట్రిపోలీ నుంచి వచ్చే ఒంటెల బిడారులు చివరికి ఇక్కడే దిగేవి.

ఆయన చేసిన మరో పని ఈనాటికీ గుర్తుంచుకోదగ్గది. తన మీదికి వచ్చినవారు కూడా ముస్లింలే. బోర్నోలో అనాచారాలున్నాయి, పాలకులు తమ శత్రువులకు సాయపడ్డారు కాబట్టి యుద్ధం ధర్మమేనని వారు వాదించారు. అల్ కానెమీ వారికి ఉత్తరాలు రాశాడు. అనాచారాలు లేవని ఆయన అనలేదు. పాపం పాపమే, కానీ పాపం చేసినంత మాత్రాన ఒక జాతి జాతినంతా కాఫిర్లని ప్రకటించి కత్తి దూయడం కుదరదన్నాడు. అటువంటి లోపాలు ఇతర ముస్లిం దేశాల్లోనూ ఉన్నాయి కదా అని నిలదీశాడు. అవతలి పక్షానికి చెందిన ముహమ్మద్ బెల్లో కూడా పండితుడే. ప్రత్యర్థి ఉత్తరాలను తన గ్రంథంలోనే భద్రపరిచాడు. శత్రువుల మధ్య సైతం వాదానికి అంత మర్యాద ఉండేది.

1893లో సూడాన్ వైపు నుంచి వచ్చిన రాబిహ్ కుకావాను నేలమట్టం చేశాడు. అంతటి రాజధాని ఆ తరువాత పల్లెటూరుగా మిగిలింది.

వెనక్కి పోయిన నీరు

1960లలో చాద్ సరస్సు దాదాపు 25,000 చదరపు కిలోమీటర్లు ఉండేది. 1970లు, 80లలో వరుస కరువులొచ్చాయి. సరస్సుకు ప్రధానమైన నీటిని తెచ్చే షారీ, లోగోన్ నదులు చిక్కిపోయాయి. నీటి విస్తీర్ణం పదో వంతుకు పడిపోయింది. సరస్సు ఏటేటా ఇంకా ఎండిపోతూనే ఉందని చాలామంది రాస్తుంటారు. అది సరికాదు. 1990ల నుంచి నీరు కొంతవరకు కోలుకుని, హెచ్చుతగ్గులతో నిలకడగా ఉందని పరిశోధకులు చెబుతున్నారు. నీరు తీసిన చోట సారవంతమైన నేల కూడా బయటపడింది. బెస్తలు, రైతులు నీటి వెంట నడిచారు. నడిచి నడిచి కొందరు తమకు తెలియకుండానే కామెరూన్‌లో కాపురం పెట్టినట్టయింది. ఆ సరిహద్దు తగాదాను 2002లో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్చవలసి వచ్చింది.

కనుక కుకావా కష్టాలన్నిటినీ నీటి మీదికి నెట్టి చేతులు దులుపుకోవడం తగదు. కరువు ప్రజలను పేదలను చేసింది. నిరాశ్రయులను చేసింది మాత్రం మనుషులే.

నలిగిపోయిన ప్రజలు

మైదుగురిలో పుట్టిన బోకో హరామ్, 2009లో దాని స్థాపకుడు పోలీసు నిర్బంధంలో మరణించాక పూర్తిగా తుపాకీ పట్టింది. తమ మాట వినని ముస్లింలను కాఫిర్లని ముద్రవేసి చంపింది. అల్ కానెమీ ఏ వాదాన్ని కలంతో ఎదిరించాడో, ఆయన స్థాపించిన గడ్డ మీదనే అంతకన్నా క్రూరమైన రూపంలో అది తిరిగొచ్చింది.

2013 ఏప్రిల్‌లో సైనికులకు, తిరుగుబాటుదారులకు జరిగిన పోరులో బగా తగలబడింది. ఉపగ్రహ చిత్రాల్లో 2,275 ఇళ్ళు ధ్వంసమైనట్టు ఒక మానవ హక్కుల సంస్థ లెక్కగట్టింది. నిప్పు పెట్టింది సైనికులేనని ఊరివారు చెప్పారు, సైన్యం కాదన్నది. 2015 జనవరిలో బోకో హరామ్ బగాలోని బహుళజాతి దళ స్థావరాన్ని పట్టుకుని, చుట్టుపక్కల ఊళ్ళను ఊచకోత కోసింది. మృతులు 150 మంది అని ప్రభుత్వం అన్నది. ఇతర అంచనాలు 2,000 వరకు వెళ్ళాయి. లెక్కలోనే ఇంత తేడా ఉందంటే అర్థమేమిటి? మరణాలను నమోదు చేయవలసిన యంత్రాంగమే అక్కడ మిగల్లేదని. 2018 డిసెంబర్‌లో బగా మరోసారి చేజారింది. మళ్ళీ వేలాదిమంది మోంగునోకు, మైదుగురికి పరుగెత్తారు.

తిరిగొచ్చినవారి గతి

2020 ఆగస్టులో గవర్నర్ బాబాగానా జులుమ్ ప్రభుత్వం నిరాశ్రయులను కుకావాకు తిరిగి పంపింది. నెల తిరగకముందే సాయుధులు ఊరిమీద పడి వందలాదిమందిని బందీలుగా పట్టుకున్నారు. ఆ సెప్టెంబర్‌లో బగా దారిలో గవర్నర్ వాహన శ్రేణి మీదే దాడి జరిగింది. అయినా 2021లో మైదుగురిలోని శిబిరాల మూసివేత మొదలైంది. శిబిరంలో బిచ్చపు బతుకు కన్నా సొంత ఊరు మేలన్న మాటను మేము కాదనం. కానీ ఊరు అంటే ఇల్లూ కప్పూ మాత్రమేనా?

సైన్యం 2019 నుంచి బలగాలను పెద్ద స్థావరాల్లో కూడగట్టింది. పట్టణం చుట్టూ కందకం, లోపల సైన్యం. కందకం లోపల భద్రత ఉంది గాని పొలం లేదు. బయట పొలం ఉంది గాని భద్రత లేదు. 2025 జనవరిలో బగా సమీపంలోని దుంబాలో దాదాపు 40 మంది రైతులను సాయుధులు కాల్చి చంపారు. నిర్దేశించిన సురక్షిత పరిధి దాటి వెళ్ళవద్దని అధికారులు హెచ్చరించారు. పరిధి లోపలే ఉంటే పిల్లలు ఏం తింటారన్న ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. అదే ఏడాది మార్చిలో నైజర్ దేశం బహుళజాతి దళం నుంచి తప్పుకోవడంతో సరస్సు కాపలా ఇంకా బలహీనపడింది.

మనం గమనించవలసిన అసలు విషయం ఇక్కడుంది. 2016లో బోకో హరామ్ నుంచి చీలిన వర్గం సరస్సు దీవుల్లో స్థావరం వేసి, బెస్తల దగ్గర, రైతుల దగ్గర పన్ను వసూలు చేసింది. పన్ను కట్టినవారిని వేట చేసుకోనిచ్చింది, తగాదాలు తీర్చింది. ప్రభుత్వమేమో తిరుగుబాటుదారులకు డబ్బు అందకూడదని చేపల వ్యాపారాన్నే కొంతకాలం నిషేధించింది. ఇంతకీ సంత నడపడం, పన్ను తీసుకుని బదులుగా సేవ చేయడం ఎవరి పని? స్థానిక ప్రభుత్వానిది. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే తుపాకీ వచ్చి కూర్చుంది.

డబ్బు ఎవరి చేతిలో?

కేంద్రం నుంచి స్థానిక ప్రభుత్వాలకు రావలసిన నిధులు రాష్ట్రం చేతిలోని ఉమ్మడి ఖాతా ద్వారా వెళ్ళేలా నైజీరియా రాజ్యాంగం ఏర్పాటు చేసింది. ఖాతా ఉమ్మడిదే గాని పెత్తనం మాత్రం గవర్నర్లదయింది. ఎన్నికలు జరపకుండా నామినేటెడ్ కమిటీలతో ఏళ్ళు నెట్టుకొచ్చిన రాష్ట్రాలెన్నో. బోర్నోలో పదేళ్ళకు పైగా విరామం తరువాత 2020 నవంబర్‌లో గాని స్థానిక ఎన్నికలు జరగలేదు.

2024 జులై 11న నైజీరియా సుప్రీంకోర్టు కీలకమైన తీర్పు ఇచ్చింది. స్థానిక నిధులను రాష్ట్రాలు తమ దగ్గర ఉంచుకోరాదు, నేరుగా వాటికే చెల్లించాలి, ఎన్నికైన పాలకవర్గం లేకుండా నడపరాదు అన్నది దాని సారాంశం. తీర్పు ఘనంగా వచ్చింది, అమలు మాత్రం నత్తనడకన సాగింది.

రాష్ట్రాల వాదనలోనూ కొంత నిజం లేకపోలేదు. టీచర్ల జీతాల వంటివి ఉమ్మడిగా చెల్లిస్తేనే సక్రమంగా సాగుతాయంటారు. యుద్ధం నడుస్తున్న చోట ఒక చిన్న కార్యాలయం చేతిలో డబ్బు పోస్తే అది ఎక్కడ తేలుతుందన్న అనుమానమూ సహజమే. పైగా 2024 జనవరిలో జరిగిన ఎన్నికల్లో బోర్నోలోని 27 అధ్యక్ష పదవులనూ గవర్నర్ పార్టీయే గెలుచుకుంది. అటువంటప్పుడు డబ్బు నేరుగా వచ్చినా అధ్యక్షుడి చూపు ప్రజల వైపు కాక గవర్నర్ వైపే ఉండే ప్రమాదం ఉంది.

అయినా మా అభిప్రాయంలో దారి అటే ఉంది. ఏ దారిలో గస్తీ కావాలో, ఏ పొలం ముందు దున్నాలో, ఏ రేవులో పడవలు దిగాలో అబూజాకు తెలియదు, మైదుగురికీ సగమే తెలుసు. కుకావా బెస్తకు పూర్తిగా తెలుసు. షూరా అని మనం గౌరవంగా చెప్పుకొనే సంప్రదింపు పద్ధతికి అర్థం అతడిని అడగడమే కదా. అడిగి, ఆ పనికి డబ్బు అక్కడే ఉంచి, పైసా పైసాకు లెక్క ఊరిముందు చెప్పించాలి.

కుకావా నిలబడిందో లేదో తెలుసుకోవడానికి ఇకమీద ఎంతమంది తీవ్రవాదులు హతమయ్యారన్న ప్రకటనలు చూడనక్కరలేదు. బగా సంతలో చేపల లారీ పగటిపూట బయలుదేరి క్షేమంగా మైదుగురి చేరిందా, బడిలో మాస్టారు ఉన్నారా, పుట్టిన బిడ్డ పేరు రిజిస్టరులో ఎక్కిందా అని చూస్తే చాలు. రెండు వందల ఏళ్ళ క్రితం ఒక ఆలిం బిడారులు ఆగే నగరాన్ని కట్టిన చోట, నేటి పాలకులు ఒక సంతను, ఒక బడిని కాపాడగలిగితే అక్కడి ప్రజలకు అదే పదివేలు.