క్రొత్త గుడ్డతో పాత బొంత

బొంత పేదవాని కప్పుకోలు అను మాట మన యిండ్లలో చిరకాలముగా నున్నది. ఇంటికి వచ్చిన చుట్టమునకు పెట్టెలోని పట్టుచీరను తీసి చూపుదుము గాని, అటకమీది బొంతను చూపము. అట్టి బొంతకు ఇటీవల ఒక చిత్రమైన గౌరవము వచ్చినది. చదరముగా కత్తిరించిన గుడ్డముక్కలను చేతితో కూర్చి గడులుగా కుట్టి, ఆ గడులను దుప్పటిగా అతుకు పనిని చదువుకొన్న యువతులు సైతము ముచ్చటపడి నేర్చుకొనుచున్నారు. అందులకై వారు వాడునది చినిగిన చీర కాదు. నూరేండ్ల, రెండువందలయేండ్ల నాటి అద్దకపు నమూనాలను చూచి నేడు మరల అచ్చువేసిన క్రొత్త గుడ్డ.

దీనిని చూచి పెద్దలు కొందరు పెదవి విరుచుచున్నారు. "అంగడిలో గుడ్డ కొని, ముక్కలు చేసి, మరల కుట్టుట యేమి వివేకము? పాతబడిన దానిని పారవేయక వాడుకొనుటయే గదా బొంత!" అని వారి వాదము. ఈ వాదములో న్యాయమున్నది. అయినను న్యాయమంతయు ఇందే యున్నదని చెప్పజాలము. ఆ భేదమును విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట మన బొంత యెట్టిదో తలచుకొందము. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీరలను, పంచెలను మూడు నాలుగు పొరలుగా పరచి, ముడుతలు లేకుండ సరిచేసి, కచ్చాకుట్టు వేసి నిలిపి, అంచునుండి లోపలికి వరుసవెంట వరుసగా సన్నని కుట్టు కుట్టుకొని పోవుదురు. చిరిగిన చోట మాసిక పడును. ఆ మాసికలే క్రమముగా అలంకారములైనవి. కన్నడమున దీనిని కౌది యందురు. ఉత్తర కర్ణాటకమున కౌది నేటికిని ప్రసిద్ధము. వంగదేశపు కాంథా, బీహారు సుజని ఈ కుటుంబములోనివే. కంథ యను సంస్కృతశబ్దమునకు అతుకుల వస్త్రమనియే యర్థము. బౌద్ధభిక్షువుల చీవరము సైతము ముక్కలు కూర్చినదే. మగధదేశపు వరిమళ్లను, వాని గట్లను చూపి, వస్త్రమును ఆ విధముగా కూర్పుమని బుద్ధుడు ఆనందునకు చెప్పినట్లు వినయపిటకమున కలదు. కావున గడులు కట్టి కుట్టుట మనము పడమటివారివద్ద క్రొత్తగా నేర్చిన విద్య కాదు.

ఇక ఆ "పాత నమూనాలు" ఎవరివి? ఈ ప్రశ్నకు వచ్చు సమాధానము మనవారు తప్పక తెలిసికొనదగినది. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నమున వర్తకస్థానము నెలకొల్పిరి. అటుపిమ్మట కోరమాండల్ తీరపు అద్దకపు గుడ్డ ఐరోపాను ముంచెత్తినది. కరక్కాయ నీటిలో, పాలలో నానవేసి, పటికతో అచ్చువేసి, చిరివేరుతో ఉడికించి తెచ్చిన ఎరుపు ఉతికినకొలది నిగ్గుదేలునే గాని పోదు. ఇట్టి రంగు తమకు చేతగాక అచ్చటి నేతగాండ్రు గగ్గోలుపెట్టగా ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను, మరల 1720లోను నిషేధశాసనములు చేసినవి. ఫ్రాన్సు 1759లో, ఇంగ్లండు 1774లో ఆ నిషేధములను తొలగించునాటికి వారి కార్ఖానాలే మన పూలను, తీగలను అనుకరించుటకు అలవాటుపడినవి. ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ అను భవనమున సుమారు 1708 నాటి అతుకుల దుప్పటి యొకటి యున్నది. ఆ దేశమున మిగిలియున్న మిక్కిలి పాతవైన అతుకుపనులలో అదియొకటి. అందలి అద్దకపు ముక్కలు హిందూదేశమునుండి వెళ్లినవి.

అనగా, పాశ్చాత్యుల బొంతలలో పాతదని మన్ననపొందు గుడ్డలో మనదియు ఒక పాలు కలదు. మన బంగారుపేట–మారికుప్పము రైలుమార్గమున కోరమాండల్ అను స్టేషను కలదు. అది గనుల కాలపు పేరే యైనను, మచిలీపట్నము గల తూర్పుతీరమునకు పాశ్చాత్యులు వాడిన పేరదియే. ప్రతిదినము ఆ పలకను చదువు మనలో ఎందరికి ఆ గుడ్డల సంగతి స్ఫురించును?

అమెరికాలో మరియొక ముచ్చట జరిగినది. 1930 ప్రాంతపు కరవురోజులలో అచ్చటి పల్లెస్త్రీలు పిండి, దాణా వచ్చిన సంచులను విప్పి, ఆ పూలగుడ్డతో పిల్లలకు దుస్తులు, మంచములకు బొంతలు కుట్టిరి. ఆ సంచుల పూలనే నేడు క్రొత్త బట్టపై అచ్చువేసి గజముల లెక్కన అమ్ముచున్నారు, జనులు కొనుచున్నారు. అచ్చట పేదరికపు గుర్తు వంశగౌరవపు గుర్తయినది. మనము మాత్రము దానిని అటకమీదనే యుంచితిమి.

ఇప్పుడు మన ఊరి సంగతికి వత్తము. 1880 మొదలుకొని జాన్ టేలర్ కంపెనీ యాజమాన్యమున గనులు సాగిన కాలమున, చిత్తూరు మొదలగు సీమలనుండి మనవారు వచ్చి లైన్లలో కాపురములు పెట్టిరి. ముళబాగిలు, శ్రీనివాసపురము ప్రాంతములలో అంతకు ఎన్నో తరములకు ముందునుండియు తెలుగు కుటుంబములు కలవు. లైన్ల యిండ్లలో చోటు తక్కువ. పడకయు, ఆసనమును, పసిపిల్లకు పొత్తిలియు అన్నియు బొంతయే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడిన పిమ్మట మన పిల్లలు బెంగుళూరికి దినమును రైలులో పోయివచ్చుటయో, అచ్చటనే నిలిచిపోవుటయో జరుగుచున్నది. ఇల్లు ఖాళీచేయునపుడు పాత్రలు తూకమునకు పోవును. పట్టుచీరలు పంపకమునకు పోవును. బొంత కసవుతోబాటు పోవును. ఏ చీర ఎవరిదో, ఏ పంచె ఏ పండుగకు వచ్చినదో చెప్పగల వృద్ధురాలు పోయిన తరువాత, మిగిలినది గుడ్డ మాత్రమే యగును.

ఇట్టి స్థితిలో పాత చీరలనే కత్తిరించి గడులు కుట్టుడని చెప్పుట మేలు చేయుట కాదు. మన ముత్తవ్వల కాలమున పాత చీరలు సమృద్ధిగా నుండెను. నేడు అవి ఇంటికొకటి రెండు మిగిలినవి. పాత నూలు సూదిపోటుకు తాళదు. ఇనుపతుప్పుతో చేసిన నల్లరంగు కాలక్రమమున పోగును తినివేయును. పాత అద్దకములలో నల్లగీతలున్న చోటనే మొదట చిల్లులు పడుట ఇందువలననే. అందుచే మిగిలిన దానిని మిగిలినట్లే దాచి, దాని పోలికగల క్రొత్త గుడ్డను కత్తెరకు ఇచ్చుట బుద్ధిమంతుల పని. క్రొత్త గుడ్డను నేను సమర్థించుటకు మొదటి కారణమిదియే. విగ్రహము శిథిలమగునని భయపడువారు ఉత్సవమునకు వేరొక మూర్తిని ఊరేగింతురు. దానివలన మూలమునకు లోపము కలుగదు.

కాని ఉత్సవమూర్తిని మూలవిరాట్టని చెప్పి నమ్మించుట దోషము. నా సమర్థనకు ఈ నియమము కలదు. నేడు "కలంకారీ" అను పేరుతో అంగళ్లలో దొరకు గుడ్డ మూడు తెరగులు. శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయబడునది యొకటి. 1950 దశకమున కమలాదేవి చటోపాధ్యాయ మొదలగువారి ప్రోత్సాహమున ఆ విద్య మరల తల యెత్తినది. మచిలీపట్నము, పెడన ప్రాంతములలో కొయ్య అచ్చులతో చేతిమీద అద్దబడునది రెండవది. ఈ రెండింటి నమూనాలను యంత్రముపై ముద్రించి చవుకగా అమ్మునది మూడవది. అచ్చుకును అచ్చుకును నడుమ సన్నని యెడమో, ఒకదానిపై నొకటి కొంచెమెక్కుటయో కనబడినచో అది చేతిపని యనుకొనవచ్చును. పొరపాటులేని గీతయు, వెలవెలబోవు వెనుకవైపును యంత్రపు పనిని పట్టియిచ్చును. మూడవదానిని కొనుట తప్పు కాదు. దానిని మొదటిదని చెప్పి అమ్ముట తప్పు, తెలిసియు చెప్పుకొనుట అంతకంటె తప్పు. ఆ అబద్ధమునకు మూల్యము చెల్లించువాడు పెడనలో బల్లకడ నిలుచుండి దినమెల్ల అచ్చుకొట్టువాడు.

చేతిపని యనినంతమాత్రమున అన్నియు పూర్వపురీతివే యనియు భ్రమపడరాదు. 1868లో జర్మనీదేశీయులు అలిజరిన్ అను ఎరుపును కృత్రిమముగా చేయు విధము కనుగొనిరి. 1897నుండి కృత్రిమమైన నీలియు విపణికి వచ్చినది. ఆ పిమ్మట చిరివేరు త్రవ్వువారు తగ్గిపోయిరి. కొయ్య అచ్చుతో అద్దిన ఎరుపులోను నేడు కార్ఖానా రంగు ఉండవచ్చును. పాతది పాతగానే నిలువదు. ప్రతితరమును తనకు దొరకినదానితో దానిని మరల చేసికొనును. మనము కోరవలసినది చేసినవారు నిజము చెప్పుట మాత్రమే.

ఇక పని విషయము. క్రొత్త గుడ్డను ముందుగా ఉతికి ఆరవేయనిదే కత్తెర పెట్టరాదు. కుంచించుకొనునది అప్పుడే కుంచించుకొనును. తడిపి తెల్లగుడ్డపై ఒత్తిచూచి, రంగంటునేని మరల ఉతుకవలెను. పడుగు పేకల వెంబడి తిన్నగా కత్తిరింపవలెను; దర్జీలు క్రాసు అను ఏటవాలున కత్తిరించిన ముక్క సాగి గడిని వంకర చేయును. కుట్టిన పిదప 3 అంగుళములు నిలువవలెనన్న నాలుగు వైపుల పావు అంగుళము చొప్పున కలిపి, 3½ అంగుళముల చదరమును తీయవలెను. అట్టివి 9 కూర్చిన 9 అంగుళముల గడి యగును. అడ్డముగా 6, నిలువుగా 9, వెరసి 54 గడులు చేర్చినచో 54 అంగుళముల వెడల్పు, 81 అంగుళముల పొడవు గల దుప్పటి సిద్ధమగును. మొత్తము 486 ముక్కలు. లెక్క పెద్దదిగా కనబడును గాని, గడి చిన్నది. చేతిసంచిలో ఇముడును. మారికుప్పమునుండి బెంగుళూరికి పోవు రైలుప్రయాణమున, కూర్చుండ చోటు దొరకిన దినమున, ఒక వరుస ముగియును. కుట్టుమిషను ఇంటిలో నున్నను చేతికుట్టునే నేను కోరుట ఇందువలననే. మిషను ఇంటినుండి కదలదు. సూది మనతో వచ్చును.

పొదుపును గూర్చి పెద్దలు చెప్పినదానిని మరువలేదు. గజముల కొలది కొని సగము పారవేయుట బొంతకు ద్రోహమే. దీనికి మధ్యమార్గము కలదు. పైపొర క్రొత్త గుడ్డ కావచ్చును. లోపలి పొరలు మాత్రము ఇంటిలోని వాడిన పంచెలు, దుప్పట్లు కావలెను. అప్పుడు కనబడు అందము క్రొత్తదియు, ఒంటికి తగులు మెత్తదనము పాతదియు నగును. నాలుగిండ్లవారు కలిసి గుడ్డ కొని పంచుకొన్నచో ఖర్చును తగ్గును, రంగులును పెరుగును.

మరియొక లాభము మన భాషకు సంబంధించినది. పడుగు, పేక, అంచు, చెంగు, అతుకు, మాసిక, పీలిక, కచ్చాకుట్టు అను మాటలు మన పిల్లలు చదువు పుస్తకములలో రావు. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడము తమిళము, కొలువులో ఇంగ్లీషు అను మన జీవనమున, పనితోబాటు వచ్చు మాటయే నిలుచును. పని పోయినచో మాట పోవును. అవ్వ దగ్గర కూర్చుండి ఒక గడి కుట్టిన పిల్లకు ఈ మాటలు పాఠము చెప్పకయే పట్టుబడును. పొరుగింటి కన్నడ యమ్మ దానిని కౌది యన్నచో ఆ మాటయు నేర్చుకొనును. అందువలన మనకు వచ్చు కొరత యేమియు లేదు.

కావున సంఘ సభ్యులకు ఒక సూచన. 54 గడులకు 54 ఇండ్లు పూనుకొనుడు. ఇంటికొక గడి. పైగుడ్డ క్రొత్తది కానిండు. లోపలి పొరకు మాత్రము ప్రతియింటినుండి ఒక పాతపంచెయో, చీరముక్కయో రావలెను. దుప్పటి వెనుకవైపున ఒక తెల్లపట్టీ కుట్టి, అందులో తెలుగు అక్షరములతో సంవత్సరమును, ఊరిని, ఏ గుడ్డ ఎచ్చటిదో, ఏది చేతిపనియో, ఏది యంత్రపుపనియో దారముతో వ్రాయుడు. పెట్టెలో మిగిలిన పాత బొంతకు కూడ అట్టి పట్టీ నొకటి నేడే కుట్టుడు; చెప్పగల పెద్దవారు ఇంటిలో నుండగనే ఆ చీర యెవరిదో అడిగి వ్రాయుడు. గడులు వచ్చే సంవత్సరము కుట్టినను కుట్టవచ్చును. ఈ రెండవ పని మాత్రము ఆలస్యమునకు ఓర్చునది కాదు.