బూతేదో తేల్చేదెవరు?

పిల్లల రక్షణ కోసమే వెబ్‌సైట్లకు ఫిల్టర్లు పెడుతున్నామని స్కూళ్లు, లైబ్రరీలు, ప్రభుత్వాలు చెబుతుంటాయి. స్త్రీల శరీరాలను సరుకుగా మార్చే వ్యాపారాన్ని అడ్డుకోమని మనమూ అడుగుతున్నాం. కాబట్టి ఫిల్టర్లే వద్దని నేననడం లేదు. కానీ 'అశ్లీలం', 'పెద్దలకు మాత్రమే' అని విభాగాలు గీసి, ఏ సైటు ఎందులోకి వస్తుందో తేల్చేదెవరు? చాలాసార్లు ఫిల్టర్లు అమ్ముకునే కంపెనీలే. వాటి జాబితాలు వ్యాపార రహస్యాలు. మన దేశంలో 2009 నాటి నియమాల ప్రకారం ప్రభుత్వం సైట్లను ఆపించే ప్రక్రియ కూడా గోప్యమే.

స్త్రీ శరీరం అనగానే బూతు అనుకునే పితృస్వామ్య దృష్టి యంత్రాల్లోకీ వచ్చి కూచుంది. 1995లో అమెరికా ఆన్‌లైన్ సంస్థ రొమ్ముకు వాడే ఇంగ్లీషు మాటను అసభ్య పదాల్లో చేర్చింది. దాంతో రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలు తమ జబ్బు పేరే రాసుకోలేకపోయారు. నిరసనలు వచ్చాకే సంస్థ వెనక్కి తగ్గింది. 2002లో కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ అమెరికాలో ఫిల్టర్లను పరీక్షించింది. సడలించి పెట్టినప్పుడు అవి 87 శాతం అశ్లీల సైట్లను, 1.4 శాతం ఆరోగ్య సైట్లను ఆపాయి. బాగా బిగిస్తే ఆగిన అశ్లీల సైట్లు 91 శాతం, ఆరోగ్య సైట్లు 24 శాతం! కాస్త అదనపు రక్షణకు ఎంత మూల్యం చెల్లించాల్సి వచ్చిందో గమనించండి.

ఈ చిక్కు మన ఉద్యమానికీ ఎదురైంది. పిండలింగ నిర్ధారణ ప్రకటనలను 1994 నాటి చట్టం నిషేధించింది. అవి ఇంటర్నెట్‌లో యథేచ్ఛగా వస్తున్నాయని డాక్టర్ సాబు మాథ్యూ జార్జ్ 2008లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. నిషేధం ప్రకటనలకేగాని సాధారణ సమాచారానికి కాదని 2017లో కోర్టు స్పష్టం చేసింది. ఇది మనం గుర్తుంచుకోవలసిన తేడా. లింగ నిర్ధారణ చేస్తామనే ప్రకటనలోనూ, దాన్ని ఎండగడుతూ మనం రాసే వ్యాసంలోనూ ఉండేవి అవే మాటలు. మాటను బట్టి ఆపితే నేరాన్నీ, నేరాన్ని ఎదిరించే గొంతునూ ఒకే గాటన కట్టినట్టవుతుంది.

అందుకే విభాగాలను మాటలతో కాక, జరిగే హానితో నిర్వచించాలని నా వాదన. పిల్లలపై లైంగిక దోపిడీ, అనుమతి లేకుండా పెట్టిన స్త్రీల ఫొటోలు ఒక విభాగం. గర్భనిరోధం, గర్భస్రావం, లైంగిక విద్య, హింసకు గురైన వారికి సాయం అందులో కలవకూడదు. నిర్వచనాలను బహిరంగపరచాలి. అన్యాయంగా ఆపిన సైటును విడిపించడానికి గడువు, జవాబుదారీ అయిన మనిషి ఉండాలి.

మీరు పనిచేసే చోట స్కూల్లో, కాలేజీ లైబ్రరీలో, ఆఫీసులో ఈ విషయాలను వెతికి చూడండి. ఏవి ఆగాయో తేదీతో సహా రాసిపెట్టి, ఎవరు ఆపించారో లిఖితపూర్వకంగా అడగండి. ఆ వివరాలు చేతిలో ఉంటేనే నిర్వచనాలు రాసే చోట మన మాట వినమని గట్టిగా అడగగలం.