గోడలోపలి పచ్చదనము

హైదరాబాదు నగరమునకు పడమట, కోకాపేట నార్సింగి ప్రాంతములందు, ఆకాశము నంటు నివాసగోపురములు వరుసగా లేచుచున్నవి. వాని ప్రకటనలను చూచిన చదువరులకు ఒక సంగతి తోచియే యుండును. ప్రతి ప్రకటనయందును పచ్చదనమను మాట యున్నది. ప్రతి సముదాయము చుట్టును ప్రహరీగోడ యున్నది. ఈ రెండును ఒకచోట ఇముడునా? ఇమడవని మా నిశ్చయము.

నివాసము భూమికి బరువు కాకుండుటకు కావలసిన మొదటి గుణము మిద్దెపై నమర్చిన సౌరఫలకములు గావు, సింహద్వారముకడ నాటిన అలంకారవృక్షములు గావు, దగ్గఱతనము. బడి, అంగడి, వైద్యశాల, పనిచేయు చోటు, బస్సు ఆగు చోటు కాలినడకకు అందుబాటులో నుండుటయే దగ్గఱతనము. దీనిని ఎత్తుగా భ్రమించుట మనవారికి అలవాటయినది. స్థలవైశాల్యమును బట్టి కట్టడపు విస్తీర్ణమునకు ఉండిన పరిమితిని ప్రభుత్వము 2006లో హైదరాబాదున తొలగించెను. గోపురములు పెరిగినవి, దూరములు తగ్గినవా? నలుబదవ అంతస్తున కాపురముండు తల్లి బిడ్డను బడికి పంపవలెనన్న బస్సో కారో కావలెను. కొత్తిమీరకట్ట కావలెనన్న ఫోను చేసి మోటారుసైకిలు కుఱ్ఱవానిని రప్పింపవలెను. ఒకరి నెత్తిపై నొకరుగా వందల కాపురములున్నను గోడలోపల ఒక దర్జీకొట్టు లేదు, చెప్పులు కుట్టువాడు లేడు, అసలు వీథియే లేదు. ఇది ఇఱుకే కాని దగ్గఱ కాదు.

వేఱొక రీతి సాధ్యమా యని అడుగువారికి జర్మనీ దేశపు నైరృతిమూలనున్న ఫ్రైబుర్గు నగరములోని వోబాన్ అను పేటను చూపెదము. అది పూర్వము ఫ్రెంచి సైన్యపు విడిది. 1992లో సైన్యము తరలిపోగా నగరపాలకులు ఆ స్థలమును తీసికొని పేటగా తీర్చిరి. దాదాపు నూఱెకరముల నేలపై ఇపుడు అయిదువేలకు పైబడిన జనులు నివసించుచున్నారు. అయినను అచట గోపురములు లేవు. ఇండ్లు చాలవఱకు మూడు నాలుగంతస్తులకు మించవు. అనేక గృహములను బేరగాండ్లు కట్టి అమ్మలేదు. కొన్ని కుటుంబములు కూటములుగా చేరి, స్థలము కొని, తమకు కావలసినట్లు కట్టించుకొనిరి. 1999లో లేచిన యొక భవనమున కాపురములును కార్యాలయములును ఒకే కప్పు క్రింద నున్నవి. పెద్దవీథి వెంట దుకాణములు, నడుమ చిన్నబడి, వారమున కొకనాడు సంత. 2006 నుండి ట్రాముబండియు పేటలోనికి వచ్చుచున్నది.

అన్నిటికంటె మాకు నచ్చినది కారును గూర్చిన కట్టుబాటు. పేటలో చాలభాగమున ఇంటి ముంగిట కారు నిలుపరాదు. కారున్నవాడు పేట అంచుననున్న ఉమ్మడిశాలలో తన సొమ్ముతో చోటు కొనుక్కొనవలెను. లేనివానికి ఆ భారము లేదు. మనదేశమున నట్లు గాదు. కారులేని విధవరాలును తన ఇంటి వెలలో కారుచోటు వెలను కలిపి చెల్లించుచున్నది. అచట కారు తొలగిన వీథి పిల్లలకు ఆటస్థలమయినది. ఏ యంత్రమును కొనకయే లభించిన లాభమిది.

యంత్రములను మేము దూషింపము; వానినే నమ్ముకొనవలదనుచున్నాము. లండనునకు దక్షిణమున 2002లో బెడ్‌జెడ్ అను నివాసము వెలసెను. కఱ్ఱపేళ్లతో వేడిని, విద్యుత్తును పుట్టించుటకు అచట నెలకొల్పిన యంత్రము కొలది యేండ్లకే మూలబడెను. మందపుగోడలు, దక్షిణపు టెండను పట్టు గాజుగదులు మాత్రము నేటికిని పనిచేయుచున్నవి. యంత్రము చెడును, అమరిక నిలుచును.

చలిదేశపు పద్ధతులు మనకేల యని కొందఱు ఆక్షేపింతురు. వారి మందపుగోడలను మేమడుగలేదు, వారి అమరిక నడుగుచున్నాము. మన యెండకు నీడ, అడ్డులేని గాలి, వసారా, అరుగు కావలెను. ఇవి మన తాతలెఱిగినవే. దక్షిణాభిముఖమైన గాజుగోడ అచట పొదుపు కావచ్చును. మనకు పడమటి గాజుగోడ పొయ్యియే.

మన పల్లెలు పూర్వమిట్లే యుండెడివి గదా యని మఱికొందఱు మురిసిపోదురు. ఇందు సగమే నిజము. ఊరు దగ్గఱగానే యుండెను; కాని మాలపల్లి ఊరి వెలుపల నుండెను. ఆ దగ్గఱతనము కొందఱికే. నేటి ప్రహరీగోడ ఆ హద్దునే సిమెంటుతో తిరిగి కట్టుచున్నది. పనివారు ప్రధానమైన లిఫ్టు నెక్కరాదని బోర్డులు పెట్టిన సముదాయములు మన నగరములందున్నవి. ఇది అగ్రహారము కాక మఱేమి? మన గిన్నెలు తోము స్త్రీ ఎంత దూరమునుండి, ఎన్ని బస్సులు మాఱి వచ్చుచున్నదో లెక్కింపని పచ్చదనము పచ్చదనమే కాదు. అంగళ్లను ఇండ్లతో కలుపుట సులభము. మనుష్యులను మనుష్యులతో కలుపుటయే కష్టము. వోబానులో నాలుగు పాత సైనికశాలలను స్వల్పాదాయులు తామే బాగుచేసికొని కాపురమునకు దక్కించుకొనిరి. అట్టి యేర్పాటు మొదటనే చేయనిచో పేట బాగుపడినకొలది బీదవాడు వెలివడును.

గోడలేనిచో భద్రత యేదందురా? వీథిని కాచునది వీథిలోని కన్నులేయని జేన్ జేకబ్సు 1961లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. రాత్రి పదిగంటలవఱకు దీపము వెలుగు కిరాణాకొట్టు ఆడుపిల్లకు ఇచ్చు ధైర్యము, ద్వారముకడ కునుకు తీయు కావలివాడు ఇయ్యగలడా?

కావున పాలకులను మేము కోరునవి నాలుగు. పెద్దస్థలములగుండా అందఱును నడచు వీథి సాగవలెను. వీథివైపు క్రిందిఅంతస్తు అంగళ్లకు, పనిశాలలకు విడువవలెను. కారుచోటును ఇంటినుండి వేఱుచేసి అమ్మవలెను. పెద్దయిండ్ల ప్రక్కనే, అదే వీథిలో, చిన్నయిండ్లు కట్టవలెను.

చదువరులారా, శాసనములకై ఎదురుచూచుచు కూర్చుండవలదు. ఇల్లు కొనబోవునపుడు ఈతకొలను ఎంత పెద్దదని యడుగుట మానుడు. బిడ్డ నడచిపోగల బడి యున్నదా, వృద్ధులు ఒంటరిగా పోగల అంగడి యున్నదా, మన యింట పనిచేయు నామె మన వీథిలోనే కాపురముండగలదా యని యడుగుడు. కొనువారు అడిగినదానినే కట్టువారు కట్టుదురు. ఇంతవఱకు మనము గోడను అడిగితిమి, గోడయే దొరకినది.