గొంతు ఒకరిది, బొమ్మ ఇంకొకరిది

పాట ఎవరిది? రాసినవాడిదా? పాడినవాడిదా? వాయించినవాళ్లదా? అట్ట మీద బొమ్మ పడ్డవాడిదా? బెల్జియంలో ఒక్క పాట విషయంలో ఈ ముడి విప్పడానికి ముప్పై ఏళ్లు దాటింది. ఎక్కడి బెల్జియం, ఎక్కడి మనం అనకండి. పని ఒకరిది, పేరు ఒకరిది అయిన చోట లెక్క ఎట్లా తేల్చాలో ఈ కథలో ఉంది.

అది 1977. పంక్ సంగీతం లండన్‌ను ఊపేస్తున్న కాలం. పెద్ద స్టార్లు అక్కర్లేదు, నాలుగు ముక్కలు గిటార్ వాయించడం వస్తే పనిలేని కుర్రాడైనా సొంత గొంతుతో పాడొచ్చు అన్నది పంక్ చెప్పిన మాట. ఆ ఊపులోనే బ్రస్సెల్స్‌లో 'సా ప్లాన్ పూర్ మ్వా' అనే ఫ్రెంచి పాట తయారైంది. పాడింది ప్లాస్టిక్ బెర్ట్రాండ్ అన్నారు. అసలు పేరు రోజే జురే. ఆ గెంతులకు యూరప్ జనం వెర్రెత్తిపోయారు. 1978లో బ్రిటన్ పట్టికలో ఆ పాట 8వ స్థానం దాకా ఎక్కింది. ఇంగ్లీషు వాళ్ల దేశంలో ఫ్రెంచి పాట!

ఇప్పుడు పొరలు విప్పుదాం. మాటలు రాసింది ఇవాన్ లాకోంబ్లే. బాణీ కట్టింది, రికార్డు తయారు చేయించింది లూ డెప్రిక్. గిటార్ మైక్ బుచర్, బేస్ జాన్ వాల్క్, డ్రమ్స్ బాబ్ డార్ష్. జురే స్వతహాగా డ్రమ్మరే. అయినా ఆ డ్రమ్ముల మీద కూడా అతని చెయ్యి పడలేదు.

ఇంకో చిక్కుంది. అదే వాద్యాల ట్రాక్ మీద అలన్ వార్డ్ అనే ఇంగ్లీషువాడు ఎల్టన్ మోటెల్లో పేరుతో 'జెట్ బాయ్, జెట్ గర్ల్' పాడాడు. ఒకటి ఇంకోదానికి అనువాదం అనుకునేవాళ్లున్నారు. కాదు. వాద్యం ఒకటే, మాటలు వేరు, అర్థం వేరు. ఒకే చెమట మీద రెండు పాటలు నిలబడ్డాయి. ఆ చెమట ఓడ్చిన ముగ్గురి పేర్లు ఎంతమందికి తెలుసు?

మరి గొంతు? నాదేనన్నాడు డెప్రిక్. 2006లో బ్రస్సెల్స్ అప్పీలు కోర్టు చట్టరీత్యా గాయకుడు జురేనే అంది. 2010లో నిపుణుడి పరీక్ష జరిగింది. వాక్యాల చివర పలికిన తీరు పికార్డీ యాస వాడిదని తేలింది. జురే బ్రస్సెల్స్ వాడు. డెప్రిక్ పుట్టిన లెస్సీన్ ఆ యాస ఉన్న ప్రాంతం. అదే జూలైలో ఆ గొంతు తనది కాదని జురే ఒక పత్రికతో ఒప్పుకున్నాడు. కాయితం చెప్పనిది యాస చెప్పింది!

మేం బడిపంతుళ్లం. ఒకడు చేసిన లెక్కను ఇంకొకడు తన పలక మీద చూపిస్తే పట్టేస్తాం. ఇక్కడ లెక్క చేసినవాడే పక్కవాడి చేతికి పలకిచ్చి నిలబెట్టాడు. కాబట్టి డెప్రిక్‌ను నోరులేని బాధితుణ్ణి చెయ్యలేం. జురేను ఒట్టి దొంగ అనీ అనలేం. ఆ పాటను వేదికల మీద మోసింది అతని ఒళ్లే. 1987 యూరోవిజన్ పోటీలో లక్సెంబర్గ్ తరఫున వేరే పాట సొంత గొంతుతోనే పాడాడు. 22 మందిలో 21వ వాడుగా మిగిలాడు, అది వేరే సంగతి.

పెదవులు కదపడం తప్పు కాదు. మన సినిమాల్లో హీరో పెదవులు కదుపుతాడు, పాడింది ఘంటసాల అని రికార్డు మీదే ఉంటుంది. తప్పంతా దాచడంలో ఉంది. సొంత గొంతు అని చాటిన పంక్ పేరు మీదే ఎరువు గొంతు అమ్మారు. డబ్బిచ్చి రికార్డు కొన్న జనానికి నిజం చెప్పలేదు.

డెప్రిక్ 2023లో చనిపోయాడు. ఆ అట్టను మేం ఇట్లా తిరగరాస్తాం: మాటలు లాకోంబ్లే. బాణీ, గొంతు డెప్రిక్. వాద్యం బుచర్, వాల్క్, డార్ష్. ఆట, బొమ్మ జురే. ఎవరి పేరూ కొట్టెయ్యక్కర్లేదు. ఎవరి పని పక్కన వాళ్ల పేరు రాస్తే చాలు.